అల్లుడి నిమిషం

లోకల్ రైళ్ళకి టైంటేబుళ్ళు వేసి రిటైరైన గుమాస్తా ఇల్లు. పాత పుస్తకాలు పరిచిన బల్లకి అటు ఆయన, ఇటు రైల్వే ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి.

"...మొదట్లో ఒకటే లైనమ్మా. పొద్దున రెండు బళ్ళు, సాయంత్రం రెండు. టైంటేబులంతా ఒక పోస్టుకార్డులో పట్టేది."

"రాసుకున్నాను బాబాయ్. తర్వాత మిల్లు వచ్చింది, మిల్లు కూతని బట్టి బండి వేళలు మార్చారు. రెండో లైను వేశాక బళ్ళు పద్దెనిమిదయ్యాయి. ఇందాకే చెప్పారు."

"చెప్పానా?"

"రెండుసార్లు."

"ముసలాణ్ణి కదా. ఆ తర్వాత కొత్త కాలనీలు లేచాయి, బళ్ళు నలభై..."

"ఆ తర్వాత కరెంటు బళ్ళు వచ్చాయి. ఆ ఏడు గురించే అడుగుతున్నాను. ఆ ఏటి పుస్తకం ఒక్కటే బల్ల మీద లేదు."

"ఎక్కడో ఉంటుంది. టీ తాగుతావా?"

"తాగే వచ్చాను. బాబాయ్, లైను చరిత్ర రాయమని ఆఫీసు పంపిన మాట నిజమే. కానీ నేను వచ్చింది గార్డు కూతురిగా. నాన్న మంచం పట్టి మూడు నెలలైంది. రోజూ ఒకటే అడుగుతున్నాడు, ఆ రోజు బండిని నేను ముందే వదిలానా అని."

"పాపం. మనిషి మంచివాడు."

"నన్నేం చెప్పమంటారు?"

"ఎప్పటి మాటమ్మా అది. మీ పిన్ని పోయి ఇరవై రెండేళ్ళు."

"తెలుసు. కదిలే బండి అందుకోబోయి పిన్ని పడిపోయింది. నాన్న నిమిషం ముందే జెండా ఊపాడని ఉద్యోగం తీసేశారు. ఆ రోజు నుంచీ నాన్న చేతికి వాచీ పెట్టుకోలేదు."

"నేనెప్పుడైనా వాణ్ణి ఒక్క మాట అన్నానా?"

"అనలేదు. అదే నాన్నని తినేసింది. ఏటా వచ్చి ఈ గుమ్మంలో నిలబడి క్షమించమనేవాడు. మీరు టీ ఇచ్చి పంపేవారు."

"ఇంటికొచ్చినవాడికి టీ ఇవ్వకూడదా?"

"అల్లుడి నిమిషం అంటే ఏంటి బాబాయ్?"

"...ఎవరు చెప్పారు నీకు?"

"నాన్నే. మొన్న జ్వరంలో."

"ఆఫీసులో సరదాగా అనుకునే మాట. జనానికి అమ్మే పుస్తకంలో ఏడూ నలభై రెండు అని వేస్తాం. డ్రైవరుకీ గార్డుకీ ఇచ్చే పుస్తకంలో నలభై మూడు. రొప్పుకుంటూ వచ్చేవాడి కోసం ఆ నిమిషం. అల్లుడు ఎంత ఆలస్యంగా వచ్చినా వడ్డించకుండా ఆగాల్సిందేగా. అలా."

"విచారణలో మాత్రం రెండు వేళలు లేవన్నారు మీరు."

"కాగితం మీద లేవు. పై నుంచి అలాగే చెప్పమన్నారు."

"కరెంటు బళ్ళు మొదలైన రోజున గార్డు పుస్తకంలోనూ నలభై రెండే పడింది. నాన్న నలభై రెండుకే వదిలాడు. రోజూ ఎక్కేవాళ్ళంతా, ఎన్నడూ లేనిది ఈ రోజు నిమిషం ముందే కదిలిందన్నారు. బండెప్పుడూ నలభై రెండుకే కదులుతుందని మీరన్నారు. రెండూ కలిపి, ఇతగాడు నలభై ఒకటికే వదిలేశాడని తేల్చారు. తోటి గార్డులు నోరు మెదపలేదు."

"బాగా వివరంగా చెప్పావు."

"ఆ నిమిషం ఎవరు తీసేశారు?"

"లైను ఇరుకైపోయింది తల్లీ. ఆఫీసు వేళల్లో నాలుగు నిమిషాలకో బండి. ఒక్కోదానికీ నిమిషం దానం చేస్తూ కూచుంటే..."

"ఎవరు తీసేశారు?"

"నేనే. ఎర్ర సిరాతో. నూటపన్నెండు బళ్ళు, మూడు రోజులు పట్టింది."

"జనానికి ఒక నోటీసైనా పెట్టలేదా?"

"ఏమని పెడతారు? మీకు తెలియని నిమిషం ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు అనా?"

"మీరు విచారణలో ఒక్క మాట అనుంటే నాన్న ఉద్యోగం నిలబడేది. పిన్ని పోయిన దుఃఖంలో ఉన్నారని మిమ్మల్ని ఎవరూ గట్టిగా అడగలేదు."

"దుఃఖం రాలేదమ్మా. ఇప్పటికీ రాలేదు. పొద్దున లేస్తాను, గడియారానికి కీ ఇస్తాను, ఇంత ఉడకేసుకుంటాను. అంతే."

"ఈ కాగితం మీద సంతకం పెట్టండి. ఆ నిమిషం ఉండేదనీ, మీరే తీసేశారనీ రాశాను. సాయంత్రం నాన్నకి చదివి వినిపిస్తాను."

"కళ్ళద్దాలు ఏవీ..."

"నెత్తిమీదే ఉన్నాయి."

"...ఇదిగో. పెట్టాను. కింద ఇంకో ముక్క రాయి, నా చెయ్యి సరిగ్గా ఆడదు."

"ఏం రాయాలి?"

"పెళ్ళైన కొత్తలోనే మీ పిన్నికి ఆ నిమిషం గుట్టు చెప్పాను. ఇరవై ఏళ్ళు ధీమాగా నలభై రెండు దాటాకే స్టేషను మెట్లెక్కేది. ఒక్కనాడూ బండి తప్పిపోలేదు."

"ఆ రోజు, తీసేశానని చెప్పడం మర్చిపోయారా?"

"ఆ రోజెందుకో తొందరగానే బయల్దేరింది. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయింది. రాయమ్మా. 'టీ చల్లారిపోతుంది, తాగి వెళ్ళు, ఇంకో నిమిషం ఉందిగా' అని వెనక్కి పిలిచింది నేనే."