పద్నాలుగో రీలు

(టాకీసులో పాతికేళ్ళు సినిమాలు వేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆపరేటరు ఇంటి ముందుగది. పొద్దున్న పదకొండు. కోడలు కిటికీ పక్కన మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఆయన స్నేహితుడు, ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన పెద్దమనిషి, కాగితాల కట్టతో వచ్చి అరగంటయింది.)

“‘టెక్కు’ రాశావా?”

“రాశాను గురూ. టెక్కు, నీటు, షోకిల్లా, జల్సారాయుడు. అన్నీ ఒకే వరసలో వేశాను.”

“‘డంగైపోయాడు’?”

“రెండో పేజీ. డంగైపోయాడు, బోల్తాపడ్డాడు, తుస్సుమన్నాడు.”

“మావయ్యగారూ, ఇవన్నీ రాసి ఎవరికిస్తారు?”

“ఆదివారం ‘తిరుగు టపా’ వేస్తున్నారు కదమ్మా, మీ బాబాయిగారి పాత సినిమాల సంఘం వాళ్ళు. లోపలికొచ్చేవాళ్ళకి తలా ఒకటి ఇస్తారట, ఆ కాలపు మాటలు అర్థమవ్వాలని.”

“వచ్చేవాళ్ళంతా ఆ కాలం వాళ్ళేగా. వాళ్ళకి అర్థాలెందుకు?”

“అలా అనకమ్మా. కుర్రకారు కూడా వస్తున్నారు.”

“ఎంతమంది బాబాయిగారూ?”

“ప్రస్తుతానికి ఒకరు.”

“మీ మనవరాలా?”

“మనవరాలైతే మాత్రం కుర్రకారు కాదా?”

“ఊరుకోమ్మా, అధ్యక్షుడికి కోపం వస్తుంది. సంఘంలో ఉన్నదే ఏడుగురు. ఇద్దరికి వినపడదు, ఒకాయనకి కనపడదు, మిగతావాళ్ళకి దీపాలు ఆర్పగానే నిద్రొస్తుంది.”

“ఆ నిద్రొచ్చేవాళ్ళలో నువ్వూ ఉన్నావు గురూ.”

“‘గురూ’ కూడా రాసుకోండి బాబాయిగారూ. ఇప్పుడు మీరు తప్ప ఎవరూ అనట్లేదు.”

“గురూ పాతబడిందా?”

“మా అమ్మాయి ముందు అనకండి, పడీపడీ నవ్వుతుంది.”

“అదేమంటుంది మరి?”

“‘బ్రో’ అంటుంది.”

“స్నేహితుల్నా?”

“నన్ను.”

“కన్నతల్లిని?”

“నిన్న ఈ మిషన్ను కూడా అంది, దారం తెగితే.”

“కొత్తేం కాదులేమ్మా. మేం ‘బ్రదర్’ అనేవాళ్ళం, వీళ్ళు తోక కోసేశారు, అంతే. ఏదీ, అధ్యక్షా, ఆ కాగితం ఇలా తే. బేవార్సు ఉంది, బుల్లోడు ఉంది, బడాయి ఉంది. ‘బ్రదర్’ ఏది?”

“ఉండే ఉంటుంది.”

“లేదు.”

“చోటు చాలి ఉండదు గురూ.”

“‘లంబూ’కి చోటుంది.”

“తర్వాత చూద్దాం. నేనొచ్చిన పని వేరు. ఆదివారం మిషను…”

“ఆ సినిమాలో తమ్ముడు నోరు విప్పితే ముందొక బ్రదరు, వెనకొక బ్రదరు. సినిమా వచ్చిన ఏడాది ఊరంతా అదే మాట. ఆ మాట లేకుండా పట్టికేమిటి?”

“అచ్చుతప్పు అనుకో.”

“ముప్ఫై ఏళ్ళు అచ్చుతప్పులు దిద్దిన మనిషివి నువ్వు.”

“అందుకే అనుకోమంటున్నా.”

“ఏంటి మావయ్యగారూ, ఆ మాటతో బాబాయిగారికి పేచీ?”

“ఏం లేదమ్మా, నువ్వు కుట్టుకో.”

“నేను మావయ్యగారిని అడిగాను బాబాయిగారూ.”

“ఈయనకో తమ్ముడున్నాడమ్మా.”

“గురూ.”

“ఉన్నాడా లేడా? ఉన్నాడు. వాడికి పెళ్ళి కుదిరిన కొత్త. కాబోయే అత్తమామలు ఇంట్లో కూర్చునున్నారు. ఈయన పెద్దరికం వెలగబెడుతూ, మా వాడికి ఇది రాదు, అది రాదు అని మొదలెట్టాడు. వాడికి ఒళ్ళు మండి, ‘నా దగ్గరా నీ టెక్కు, బ్రదర్?’ అన్నాడు. సినిమాలో మాటే. అత్తగారు నవ్వింది కూడా. ఈయన లేచి చాచి ఒక్కటిచ్చాడు.”

“అత్తమామల ముందా?”

“ముందే. నేను గుమ్మంలో ఉన్నాను, చప్పుడు విన్నాను.”

“ఒక్క మాటకా బాబాయిగారూ?”

“అప్పట్లో అన్నగారిని బ్రదర్ అనడం మర్యాద కాదమ్మా.”

“ఇప్పుడు అమ్మని బ్రో అంటున్నారు. నేను ఒక్కటీ ఇవ్వలేదు.”

“సరే, అయిపోయిన సంగతి. గురూ, ఆదివారం సినిమా మిషను నువ్వే వెయ్యాలి.”

“నేనా? నా మోకాళ్ళు చూశావా?”

“మిషను వేసేది చేతుల్తో.”

“మెట్లెక్కేది?”

“లైబ్రరీ హాల్లో మెట్లు లేవు. మిషను కిందే పెడుతున్నారు.”

“అయినా మిషను అద్దెకిచ్చేవాళ్ళు మనిషిని పంపిస్తారుగా?”

“వాడి చెయ్యి నాకు నచ్చదు. పాత రీళ్ళు, తెంపేస్తాడు. నీ చెయ్యే కావాలి.”

“నాకు చెయ్యి వణుకుతోంది ఈమధ్య.”

“ఇందాక సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు మావయ్యగారూ.”

“నువ్వు కుట్టుకోమ్మా. అవునూ, ప్రింటు ఎలా ఉంది? పాడైపోయే ఉంటుందిలే.”

“బంగారంలా ఉంది. పక్క జిల్లాలో గోడౌనులో దొరికింది. పదిహేను డబ్బాలు.”

“పదిహేనూనా?”

“పదిహేనూ.”

“లెక్కపెట్టావా?”

“రెండుసార్లు.”

“ఒక్కోసారి పైన నంబరు ఉంటుంది, లోపల వేరేదుంటుంది.”

“తీసి చూశాం. నీకెందుకు గురూ అంత దిగులు?”

“దిగులేం లేదు. ఆదివారం మా చెల్లెలు రమ్మంది.”

“మీ చెల్లెలు మొన్నేగా వచ్చి వెళ్ళింది.”

“మళ్ళీ రమ్మంది.”

“మావయ్యగారి సంగతి అలా ఉంచండి. బాబాయిగారూ, ఈ పుస్తకం మీరు రాసిందేనా? ‘తిరుగు టపాలో మౌనం.’ అట్ట బావుంది.”

“ఆదివారం ఆవిష్కరణ. చదువమ్మా, పైకి చదువు. మూడో పేజీ.”

“‘తమ్ముడి ఉత్తరం చదివిన అన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు. మరుక్షణం రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా ఉంటాడు. రైలు వెళ్ళిపోతూ ఉంటుంది. అతను చిరునవ్వు నవ్వుతాడు. శుభం. అతను జవాబు రాయలేదు. వెళ్ళలేదు. క్షమాపణ అడగలేదు. మగవాడి మౌనానికి ఇంతకన్నా గొప్ప రూపం తెర మీద లేదు.’ అంటే ఏమైందని?”

“ఏమీ కాలేదమ్మా. అదే గొప్పతనం.”

“ఏమీ కాకపోతే నవ్వడం దేనికి?”

“ఆ నవ్వు మీద నాలుగు పేజీలు రాశాను.”

“ఇంట్లో ఉత్తరం చదివినాయన ప్లాట్‌ఫారం మీదికెందుకొచ్చాడు?”

“దాని మీద రెండు పేజీలు.”

“సినిమా పేరు తిరుగు టపా కదా. అంటే జవాబు. జవాబే రాయకపోతే ఆ పేరెందుకు పెట్టారు?”

“వ్యంగ్యం.”

“పేజీలెన్ని?”

“ఒకటిన్నర.”

“అధ్యక్షా, మా కోడలు టీ పెడుతుంది, తాగి వెళ్దువుగాని. లేమ్మా, టీ పెట్టు.”

“ఉండండి మావయ్యగారూ. అట్ట మీద బొమ్మ ఈ ప్లాట్‌ఫారం సీనుదేనా బాబాయిగారూ?”

“అదే. ఆఖరి సీను. ఆ చొక్కా చూశావా? ఉత్తరం చదివేటప్పుడు తెల్ల చొక్కా, ఇక్కడ చారల చొక్కా. చొక్కా మారింది, మనసు మారలేదు. అదీ దర్శకుడి ఆలోచన.”

“ఈ చొక్కా ఈయనది కాదు.”

“ఏంటమ్మా?”

“భుజం కుట్టు చూడండి, రెండంగుళాలు లోపలికుంది. చంకలో పట్టేసింది, గుండీ దగ్గర నోరు తెరిచింది. ఈయన కొలతకి కుట్టింది కాదిది. ఇంతకన్నా సన్నగా ఉండే మనిషిది. సినిమాలో తమ్ముడు సన్నగా ఉంటాడా?”

“ముందు టీ సంగతి చూడమ్మా.”

“మావయ్యగారూ, మిమ్మల్నే. తమ్ముడు సన్నగా ఉంటాడా?”

“పుల్లలా ఉంటాడు.”

“అయితే ఇది తమ్ముడి చొక్కా. ఈయన తమ్ముడింటికి వెళ్ళాడు. కట్టుబట్టలతో వెళ్ళాడు. అక్కడ రెండ్రోజులున్నాడు. స్నానం చేసి తమ్ముడి చొక్కా వేసుకున్నాడు. మరి ఆ ముక్క సినిమాలో లేదంటారేమిటి?”

“ఉందమ్మా.”

“ఏమన్నావు గురూ?”

“ఉందన్నాను. పద్నాలుగో రీలు. నా వల్ల కాదు ఇంక, చెప్పేస్తాను. అధ్యక్షా, నువ్వు నన్ను తిట్టినా సరే.”

“చెప్పు.”

“సినిమా పది నిమిషాలు ఎక్కువైంది. రోజుకి నాలుగాటలు పడాలంటే కుదరట్లేదు. మేనేజరు ఏదో ఒక రీలు పీకెయ్యమన్నాడు. పాట పీకితే జనం కుర్చీలు విరగ్గొడతారు. ఫైటు పీకితే తెర చింపుతారు. ఏడుపు రీలైతే ఎవడూ అడగడనిపించింది. పద్నాలుగో డబ్బా బెంచీ కిందకి తోసేసి, పదమూడు తర్వాత పదిహేను ఎక్కించాను. వంద రోజులాడింది. ఒక్కడు అడగలేదు.”

“అందులో ఏముంది మావయ్యగారూ?”

“అన్న ఉత్తరం జేబులో పెట్టుకుని ఉన్నపళంగా బయల్దేరతాడు. వానలో తడిసి తమ్ముడింటికి పోతాడు. తప్పు నాది అంటాడు. తమ్ముడి చేతులు పట్టుకుని ఏడుస్తాడు. తమ్ముడు తన చొక్కా ఇస్తాడు. తర్వాత తమ్ముడికి దూరంగా ఉద్యోగం వస్తే అన్నే వెళ్ళి రైలెక్కిస్తాడు. ఆ రైల్లో ఉన్నది తమ్ముడు. వాణ్ణి చూసే ఆ నవ్వు. నాలుగు పేజీలకీ సమాధానం అదే.”

“అయ్యో బాబాయిగారూ.”

“నువ్వు మొదటిసారి సంఘంలో లేచి మౌనం, మౌనం అని మాట్లాడిన రోజే చెబుదామనుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట చెప్పుకుని నువ్వు మీ తమ్ముడి గడప తొక్కలేదు. తర్వాత చెబుదామంటే మరీ ఆలస్యమైపోయింది. ఏటా ఆలస్యమవుతూనే ఉంది. పది నిమిషాల కోసం మీ అన్నదమ్ములిద్దర్నీ నేనే విడదీశానేమోనని నాకు ఒక్కోరోజు అన్నం సయించదు. అందుకే ఆదివారం రానన్నాను. ఆ రీలు తిరుగుతుంటే నీ మొహం చూడలేను.”

“అయిందా?”

“అయింది. ఇంక తిట్టు.”

“ఎందుకు తిట్టాలి? నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“వానా, చొక్కా, రైలూ. అన్నీ.”

“ఎవరు చెప్పారు?”

“మా వాడే. పెళ్ళయి వెళ్ళిపోయిన ఏడాది ఉత్తరం రాశాడు. నాలుగే లైన్లు. ‘అన్నయ్యా, ఇక్కడ తిరుగు టపా మళ్ళీ వేశారు. మన ఊళ్ళో మనకి చూపించని ముక్క ఒకటుంది. అందులో అన్న బయల్దేరి వస్తాడు. నువ్వూ రా.’”

“ఎన్నాళ్ళయింది?”

“ముప్ఫై తొమ్మిదేళ్ళు.”

“అంటే అంతా తెలిసే ఈ పుస్తకం రాశావా?”

“తెలియకపోతే ఇంత కష్టపడి ఎవడు రాస్తాడు గురూ?”

“మరి వెళ్ళలేదేం బాబాయిగారూ?”

“రేపు వెళ్దామనుకున్నానమ్మా. ఈలోగా మీ మావయ్య పుణ్యమా అని ఊళ్ళో అందరూ ఆ అన్నని మెచ్చుకోవడం మొదలెట్టారు. వెళ్ళకుండా కూర్చున్నవాడే గొప్పవాడన్నారు. నాకూ సుఖంగా అనిపించింది. కుర్చీలోంచి లేవక్కర్లేకుండా గొప్పవాణ్ణి అయిపోయాను.”

“ఆదివారం ఆ రీలు వేస్తే ఈ పుస్తకం పనైపోయినట్టే బాబాయిగారూ.”

“పోతే పోయింది. నూరు కాపీలు, నీ కుట్టుమిషను కింద ఎత్తుకి పనికొస్తాయి.”

“మరింకేం భయం నీకు? నిజం తెలిసినవాడివి, పుస్తకం పోయినా ఫర్వాలేదంటున్నావు. హాయిగా కూర్చుని చూడు. మిషను నేనే వేస్తాను. నా మోకాళ్ళకేం, శుభ్రంగా ఉన్నాయి.”

“వాడొస్తున్నాడు గురూ.”

“ఎవడు?”

“పేపర్లో ప్రకటన చూశాడట. మన కార్యదర్శికి ఫోను చేశాడు. ముందు వరసలో రెండు కుర్చీలు ఉంచమన్నాడట.”

“రెండెందుకు? భార్యని తీసుకొస్తున్నాడా?”

“ఆవిడ పోయి మూడేళ్ళయిందట. అదీ కార్యదర్శి చెబితే తెలిసింది నాకు. రెండో కుర్చీ ఎవరికండీ అని కార్యదర్శి అడిగాడట. ‘మా బ్రదర్‌కి’ అన్నాడట.”

“మంచి మాటేగా. వెళ్ళి కూర్చో.”

“కూర్చుంటాను. పదమూడు రీళ్ళు కూర్చుంటాను. పదిహేనోదీ కూర్చుంటాను. వాడి భుజం నా భుజానికి తగులుతుంటే, తెర మీద ఆ అన్న చేసిన పని పది నిమిషాలు చూస్తూ కూర్చోవడం మాత్రం నా వల్ల కాదు. మిషను నువ్వే వెయ్యాలని అందుకే వచ్చాను. నీకు అలవాటైన పనేగా గురూ, ఆదివారం కూడా ఆ పద్నాలుగు బెంచీ కిందకి తోసెయ్.”