మామ దించిన లొట్లు

"బాపమ్మా, ఈ సీస మీద ఏం రాసిండ్రంటే, రెండు తీర్ల ద్రాక్షలు కలిపి తెల్ల వైన్ జేసిండ్రట. మీ కాలంల గిట్ల కలిపెటోళ్ళుండిరా?"

కలుపుడా? మీ ద్రాక్షల సంగతి నాకెర్కలేదు గని బిడ్డా, కలుపుడంటే మా మామదే కలుపుడు. మా మామంటే మీ తాత వాళ్ళ నాయిన, గౌండ్ల లింగయ్య. హసన్‌పర్తి అవతల మా ఊరు. వాగు పొంటి ఈతవనం, దాని ఎనక తాళ్ళు. వాళ్ళ తాతల కాడికెల్లి అవే చెట్లు గీసి బతికిండ్రు. ఈతకల్లు తీపి, తాటికల్లు ఘాటు. మామ పెద్ద కుండల ముందుగాల ఈతకల్లు పోసి, దాని మీద తాటికల్లు మెల్లగ ఇడిసెటోడు. కలెదిప్పుడు లేదు. చెవి కుండకాడ పెట్టి నురగ సప్పుడు ఇనెటోడు. "ఇంక మాట్లాడుతాంది, ఉండుండ్రి" అనెటోడు. అది సల్లబడ్డంకనే ముంచుడు. పాలోలె తెల్లగుండేది. కాశిబుగ్గ సాలోళ్ళు మగ్గం మీదికెల్లి లేసి నడిసొచ్చెటోళ్ళు దాని కోసం. మా అత్తయితే ఎల్లమ్మకు సాక పోస్తే గా కల్లే పోసేది. సాకంటే ఎర్కే గదా, ముందుగాల తల్లికని భూమ్మీద పోస్తం.

ఏం చెప్తాన? ఆఁ, చెట్లు.

నేనప్పుడు కొత్త కోడల్ని. నిజాం సర్కారు ఆఖరు రోజులు, సలికాలం. చెట్లు గీసేది మేము, పైసలు సర్కారుకు. నడుమ గుత్తేదారు, వాడు మమ్ముల పీక్కతినెటోడు. ఇగ సర్కారు మీద తిరగబడ్డ పోరగాండ్లు ఏమన్నరు, ఈ సర్కారు కల్లు పైసల మీదనే నడుస్తాంది, చెట్లు కొట్టేస్తే కూలుతదన్నరు. ఊరూర కొట్టుకుంట మా ఊరికొచ్చిండ్రు. ముందట సాలోళ్ళ సత్తయ్య. పరాయోడు గాదు, మా మామ చేతి కల్లు తాగినోడే.

"లింగయ్య మామా, నీ మీద కోపం గాదే. సర్కారు మీద" అన్నడు.

మామ ఏం కొట్లాడలే. "లొట్టి కట్టిన చెట్టు మీద గొడ్డలి ఎయ్యద్దు బిడ్డా. కాటమయ్య ఆన" అన్నడు. కాటమయ్య మా గౌండ్లోళ్ళ దేవుడు. లొట్టంటే కల్లు పట్టే కుండ, అది ఉన్నదంటే చెట్టు పాలిస్తాందన్నట్టు. పాలిచ్చే బర్రెను ఎవరన్న కోస్తరా? సత్తయ్య ఒప్పుకున్నడు. "సరే, రేపొస్తం. లొట్లు దించి పెట్టు" అని పోయిండు.

మా అత్త ఒక్కతీరుగ ఏడుస్తాంది. నాకు మాత్రం మస్తు కోపమొచ్చింది. చెట్లు పోతే మేమేం తినాలె? నేనే అన్న, "మామా, లొట్టి ఉంటే కొట్టనన్నడు గదా. అన్ని చెట్లకు కట్టు" అని. మామ నా మొఖం దిక్కు చూసి జర నవ్విండు. గంతే, ఇంట్ల కుండలన్ని తీసినం. నీళ్ళ కుండ, పప్పు కుండ, ఉప్పు కుండ. నా పెండ్లిల రంగులేసిన అయిరేని కుండలు గూడ ఇచ్చిన. చాలకపోతే వాడకట్టు అంత తిరిగి అడుక్కొచ్చిన. మామ, మీ తాత చెట్టు చెట్టుకు కట్టిండ్రు. గీసిన చెట్టు లేదు, గీయని చెట్టు లేదు, ఎండిన చెట్టుకు గూడ కుండే!

తెల్లారి సత్తయ్యోళ్ళు వచ్చి చూసిండ్రు. గొడ్డండ్లు భుజాల మీదనే ఉన్నయ్. నవ్వాల్నో కోపం జెయ్యాల్నో తెలుస్తలేదు వాళ్ళకు. మాటిచ్చిండ్రు గదా మరి. నేనైతే, గెలిసినమనుకున్న.

గంతల్నే గుత్తేదారు మనిషి గుర్రం మీద వచ్చిండు. కుండలు చూసిండు, గొడ్డండ్లు చూసిండు, పకపక నవ్విండు. "శభాష్ లింగయ్యా! నువ్వు మా మనిషివి. సర్కారుకు చెప్పి నీకు ఇనాం ఇప్పిస్త" అన్నడు. అందరి ముందట.

సత్తయ్య మామ దిక్కు చూసి తల కిందికేసుకున్నడు.

మామ మొఖం నల్లగైంది బిడ్డా. చెంపదెబ్బ తిన్నోనోలె నిలవడ్డడు. మోకు నడుముకేసుకొని చెట్టెక్కిండు. లొట్టి దించిండు. ఇంకోటెక్కిండు, దించిండు. నేను ఉరికిపోయి "మామా, ఏం జేస్తానవే?" అని మోకు పట్టుకుంటే నా చెయ్యి తీసేసిండు. నా అయిరేని కుండ పగలకుండ దించి నా చేతుల పెట్టిండు. ఆ మనిషి గుర్రం మీదికెల్లి ఒర్రుతనే ఉన్నడు. ఉన్న కల్లంత మామ పెద్ద కుండల కలిపి, చెవి పెట్టి ఇని, సాక పోసి, సత్తయ్యోళ్ళకు ముంచి పోసిండు. "ఇగ కొట్టుండ్రి" అన్నడు.

కొట్టిండ్రు. అందరు జై అన్నరు, మామ అనలే. సాయంత్రం జవాన్లు వచ్చి మామను ఠానకు తీసుకపోయిండ్రు. కాలు ఇరగ్గొట్టి పంపిండ్రు. మల్ల చెట్టెక్కలే.

వానకాలం పోంగ సర్కారు మారింది. ఊరంత ఖుషీ చేసుకున్నది. జర దినాలైతే ఏముంది, కొత్త సర్కారు పేరు చెప్పుకుంట ఇంకో గుత్తేదారు వచ్చిండు, పక్కూరి చెట్లకు. మామ గడపల కూసొని కాలు ఒత్తుకుంటాండు. "చూసినవా మామా, మన చెట్లు ఉత్తగనే పోయినయ్" అన్న.

మామ ఏమన్నడో తెలుసా?

"సర్కారు కూలుతదని దించలే బిడ్డా. గా గుత్తేదారు మనిషి నన్ను మా మనిషివన్నడు. గా మాట మోసుకుంట ఏ చెట్టెక్కాలె?"

నాకైతే ఇప్పటికి గా చెట్లుంటే బాగుండనిపిస్తది, అబద్ధమెందుకు. గని ఆయనంత మనిషిని మల్ల చూడలే...

సల్లగ బతుకు బిడ్డా. నిన్ను శభాష్ అనేటోడు మంచోడై ఉండాలె.