తడిసినా చెదరని ఫొటో

"లేజరు వద్దమ్మా. అది బిల్లులకు, కాగితాలకు. ఫొటో అంటే ఇంక్‌జెట్టే."

"ఏదైనా సరే తంబీ. నీళ్ళు తగిలితే చెదరకూడదు. నేనడిగేది అదొక్కటే."

"ఫొటో మీద నీళ్ళెందుకు పడతాయి?"

"పడతాయి."

కోమల అరల్లో పెట్టిన ప్రింటర్లవైపు చూసింది. మూలకుళంలో ఆమె ఇంటికి దగ్గర్లోనే ఉంది గోకుల్ కంప్యూటర్ల అంగడి. అతను మొదట తమిళంలోనే పలకరించాడు. ఇంటి దగ్గర భర్తకు తోడుగా కూర్చోబెట్టి వచ్చిన పొరుగామె వసంతమ్మకు ఆమె ఫోను చేసి, "లేచినాడా, ఏమైనా అడిగినాడా" అని తెలుగులో మాట్లాడటం విని, మేమూ ఆ మాటవాళ్ళమేనమ్మా అంటూ తెలుగులోకి మారాడు.

"నెలకెన్ని ఫొటోలు ప్రింటు తీస్తారు?"

"దినానికొకటి."

"దినమూనా? బిడ్డల స్కూలు పనికా?"

"మాకు బిడ్డలు లేరు."

"మరి దినమూ కొత్త ఫొటో యాడినుంచి వస్తాది?"

"కొత్తది కాదు. అదే."

"అదే ఫొటోనా?"

"నువ్వు మిషను గురించి చెప్పు తంబీ."

గోకుల్ చెప్పాడు. కార్ట్రిడ్జి రకం చవగ్గానే వస్తుంది గాని ఇంకు ఊరికే అయిపోతుందన్నాడు. ట్యాంకు రకంలో సీసాతో ఇంకు పోసుకోవచ్చు, చాలాకాలం వస్తుంది. వారాల తరబడి వాడకుండా వదిలేస్తే మాత్రం ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు ఎండి మూసుకుపోతాయి. దినమూ వాడేవాళ్ళకు ఆ బాధ లేదు. తర్వాత బల్లమీద రెండు ప్రింటర్లు పక్కపక్కన పెట్టాడు.

"దీంట్లో రంగులు మెరుస్తాయి. ముఖం కళగా వస్తాది. కానీ తడి తగిలితే పాకుతాది. ఆ పక్కది మెరుపు కొంచెం తక్కువ, నీళ్ళకు నిలబడతాది."

"ఆ పక్కదే ఇయ్యి."

"ముఖం కళ తగ్గుతాదమ్మా."

"పరవాలేదులే."

"నా యాపారం నేనే చెరుపుకుంటాండానని అనుకోకండి. ఒకే ఫొటో అయితే స్టూడియోలో తీయించి ల్యామినేషను చేయించుకోవచ్చు గదా. ఎన్నేండ్లయినా ఉంటాది."

"చేయించినా. గోరుతో పీకేస్తాడు. వేలికి ముఖం తగలాల ఆయనకు."

"ఎవరికి?"

కోమల ప్రింటరు మూత ఎత్తి చూసి, మళ్ళీ మూసింది.

"ఇన్నాళ్ళూ స్టూడియోలోనే తీయిస్తా ఉంటి. మొన్న పండగని వాళ్ళు మూసేసి ఊరికి పోయినారు. ఆ పొద్దు ఇంట్లో ఫొటో లేదు. ఉన్నదాన్ని నీళ్ళలో కడిగేసినాడు, దుమ్ముందని. నేను స్నానానికి పోయి వచ్చేలోపల తలుపు తీసుకొని పోయినాడు. విల్లియనూరు బస్సెక్కేసినాడు. యాడ దిగినాడో, యాడ తిరిగినాడో. చీకటిపడేముందు ఎవరో పట్టుకొచ్చి దింపినారు."

"ఎవరమ్మా పోయింది?"

"మా ఇంటాయన. ఫొటో చేతిలో ఉంటే కదలడు."

గోకుల్ ప్రింటు తీసి చూపిద్దామని ఆమె ఫోను తీసుకున్నాడు. అందులో పాత ఫొటోకు తీసిన ఫొటో ఉంది. సముద్రం గట్టుమీద ఒక అమ్మాయి కూర్చుని నవ్వుతోంది. గాలికి ఎగిరిపోతున్న కొంగును ఒక చేత్తో పట్టుకుంది.

"మీ పాపా?"

"స్టూడియోలో కూడా అట్నే అడిగినారు."

"ఏం చెప్పినారు?"

"ఊ అన్నా."

బిడ్డలు లేరని ఈమె ఇప్పుడే కదా చెప్పింది అని అతని ముఖంలో కనబడింది. అతను ఫొటో ప్రింటు తీసి, దానిమీద తాగే నీళ్ళు నాలుగు చుక్కలు చల్లి, కాసేపాగి గుడ్డతో అద్దాడు. అమ్మాయి నవ్వు అట్లాగే ఉంది. కోమల దానిమీద వేలు పెట్టి గట్టిగా రుద్ది చూసింది. ఇంకు అంటలేదు. ఇదే కావాలంది.

ఆ సాయంత్రమే గోకుల్ ప్రింటరును స్కూటరు మీద తెచ్చాడు. అతణ్ణి చూడగానే వసంతమ్మ లేచి, పిండి రుబ్బుకోవాలంటూ వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ముందుగదిలో కుర్చీలో బాలకృష్ణన్ ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. ఆయన ఒకప్పుడు విల్లియనూరు బజారులో ఇనుప సామాన్ల అంగడి నడిపిన మనిషి. కొన్నేళ్ళుగా మతిమరుపు ముదురుతూ వచ్చింది. మొదట సరుకుల ధరలు మరిచాడు. తర్వాత అంగడికి వచ్చేవాళ్ళ పేర్లు పోయాయి. అంగడి తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాక, ఒక ఉదయం కాఫీ ఇచ్చిన కోమలను చూసి, ఎవరమ్మా నువ్వు అన్నాడు.

"ఏం నాయనా, కరెంటు పనికి వచ్చినావా?"

"ప్రింటరు మామా. ఫొటోలు తీసేది."

"ఫొటో నాకాడ ఉండాది. చూస్తావా?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. చెమటకు మెత్తబడి, మడతల్లో రంగుపోయి, అందులో నవ్వు తప్ప ఏమీ మిగల్లేదు.

"నా భార్య. కోమల. విల్లియనూరు పోయింది. సాయంత్రం బస్సుకు వచ్చేస్తాది."

గోకుల్ ఫొటో చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూశాడు.

"మరి ఈయమ్మ?"

"ఈమెనా? వంట చేసిపెడతాది. ఎవరు పంపినారో, మంచి మనిషి."

"ప్లగ్గు ఆ మూల ఉండాది తంబీ," అంది కోమల.

గోకుల్ మూలకు వెళ్ళి డబ్బా విప్పాడు. సీసాలు తీసి ఒక్కొక్క రంగే ట్యాంకులో పోస్తూ, కుర్చీవైపు చూసి గొంతు తగ్గించాడు.

"మీరేనా అత్తా, ఆ ఫొటోలో?"

అంతవరకూ అమ్మా అన్నవాడు అత్తా అన్నాడని ఆమె గమనించింది.

"పెళ్ళైన కొత్తలో. ఆయనే తీసినాడు."

"చెప్పి చూడలేదా?"

"చెప్పినా. నా కోమలకు అంత వయసు యాడిదని నవ్వినాడు. ఇంకోతూరి చెప్పితే భయపడినాడు. దొంగ, దొంగ అని వీధిలోకి పరుగెత్తినాడు. ఇంగ చెప్పలేదు."

"అప్పట్నుంచి వంటమనిషేనా?"

"వంటమనిషి పెడితే తింటాడు. స్నానానికి రమ్మంటే వస్తాడు. చాలు గదా."

"మీరెవరితో మాట్లాడతారు, పొద్దంతా?"

"ఆయనతోనే. కోమల గురించి చెప్తాడు, నేను వింటా. కోమలకు చింతకాయంటే ప్రాణమంటాడు. కోమల అలిగితే తలగడ తిప్పి పడుకుంటాదంటాడు. ఆమె అంగడికి వచ్చిన పొద్దు తూకం తప్పిపోయేదంట, ఆమెనే చూస్తా ఉండిపోయి." ఆమె సీసా మూత తీసుకుని బిగించింది. "నాకెప్పుడూ చెప్పలేదు తంబీ, అవన్నీ. ఇన్నేండ్లు కాపురం చేసినా."

గోకుల్ తలవంచుకుని వైరు బిగించాడు. ఇంకు గొట్టాల్లోకి ఎక్కేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత అతను లేచి, పాత ఫొటోలో రంగులు ఎప్పుడో వెలిసిపోయాయనీ, దాన్ని బట్టి ప్రింటరు సరిగ్గా ఉందో లేదో తెలియదనీ, ఇప్పటి ముఖం ఒకటి తీసి చూడాలనీ అన్నాడు.

"ఆయన్ను తియ్యి," అంటూ కోమల లేచి వంటింటి గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది.

"ఫోనులో తీసేసినానత్తా. మీదే."

"నాదెందుకు తంబీ?"

అప్పటికే ప్రింటరు కదిలింది. ముందు నెరిసిన పాపిట బయటికొచ్చింది. తర్వాత నుదురు, అలిసిన కళ్ళు, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వంటింటి గుమ్మానికి ఆనుకున్న మనిషి. కోమల దాన్ని చేతిలోకి తీసుకోలేదు. తనను ఎవరైనా ఫొటో తీసి ఎంతకాలమైందో గుర్తు తెచ్చుకోబోయి మానుకుంది. ఈమె నేనేనా అనిపించింది. వెంటనే, ఎవరు నువ్వని ఆయన అడిగేదీ ఇదే కదా అనిపించింది.

గోకుల్ సముద్రం గట్టు ఫొటో కూడా తీసి, రెండూ టీపాయి మీద ఆరబెట్టాడు. ఫోనులోంచి ప్రింటు ఎట్లా తీయాలో ఆమె చేతనే రెండుసార్లు చేయించాడు. కాఫీ తాగిపొమ్మంటే, ఇంకోరోజు వస్తానన్నాడు. ఏ పనీ లేకపోయినా ఒక ఫోను చెయ్యండత్తా అని చెప్పి వెళ్ళాడు.

ఆమె కాఫీ కలుపుకొని వచ్చేసరికి బాలకృష్ణన్ చేతిలో ఫొటో ఉంది. సముద్రం గట్టు ఫొటో టీపాయి మీదే ఉంది.

"కాఫీ తీసుకోండి. అది ఇట్లియ్యండి. రంగు చూసేదానికి తీసినాడు ఆ తంబి."

"ఉండమ్మా. ఎవరీమె?"

"ఎవరో."

"నీకు తెలుసా?"

"తెలుసు, కొంచెం."

"యాడుంటాది?"

"ఈడనే. దగ్గరే."

"ఒక్కతేనా?"

కోమల గ్లాసు ఆయన పక్కన పెట్టింది. ఆయన కాఫీ వైపు చూడలేదు.

"అడుగుతాండా గదమ్మా. ఒక్కతేనా ఉండేది?"

"అవును."

ఆయన చాలాసేపు చూశాడు. కాగితం మీది కళ్ళను, ఎవరో దారి అడుగుతుంటే వినే మనిషిలా, ముఖం ముందుకు పెట్టి చూశాడు.

"ఆమెను మనింటికి రమ్మనమ్మా. ఇంట్లో తన మనిషి లేకుంటే పొద్దు ఎట్లా పోతాదో నాకు తెలుసు."