టైము రాయని కాయితం

1947, ఒక గురువారం మధ్యాహ్నం. హైదరాబాదులో ఒక దవాఖాన. డాక్టరు నోటితో చెప్పే రోగుల సంగతులు రాసుకొని టైపు కొట్టడం వెంకటనారాయణ నౌకరి. గోపన్‌పల్లి చంద్రమ్మ వచ్చి ఆయన బల్ల ముందర నిలబడింది. కదిలితే ఒట్టు.

"ఒక్క చిట్టీ అయ్యా. ఇంటికి తోల్కపోవచ్చని రెండు ముక్కలు కొట్టియ్యి. నీ కాల్మొక్త."

"కాళ్లు మొక్కకు చంద్రమ్మా, జర దూరం నిలబడు. కార్బన్ కాయితాలు ఎగిరిపోతున్నయి. చిట్టీ ఇచ్చేది నేనా? డాక్టర్ సాబ్ చెప్పాలె, నేను పుస్తకంల రాసుకోవాలె, అప్పుడు మిషన్ మీద కొట్టాలె. ఆయన చెప్పంది ఒక్క అక్షరం కొట్టరాదు నేను."

"డాక్టర్ సాబును పిలువు మరి."

"ఒంటిగంటకే వాయె. రేపు శుక్రారం సెలవు. ఇగ ఎల్లుండే."

"ఎల్లుండి దాక ఆగేటట్టు లేదయ్యా."

"ఏం? ఏమైంది? మీ ఆయన సాయిలుకు ఎక్కువైందా?"

"ఏం గాలే. నాలుగ్గంటల రైలు పోతది, అంతే. లింగంపల్లి టేషన్ల మా ఎడ్లబండి తయారుగున్నది. ఈ రైలు తప్పితే..."

"రేపు పో."

"రేపు కాదు. ఇయ్యాల్నే."

"ఎంత మొండిదానివే! ఊర్ల ఏమున్నదని? ఈడ మందున్నది, మంచమున్నది..."

"ఊర్ల మా అత్త బుచ్చమ్మ ఉన్నది. కొడుకు మొగం జూసి నెల దాటె. ఈడ పాణం పోతే పీనుగను రైలెక్కనియ్యరు గద? పక్క మంచం నీలమ్మకు గట్లనే అయె. బండోళ్లు గూడ రామని అన్నరు. పెనిమిటిని మూసీ ఒడ్డుకు తీస్కపోయి ఆడనే కాలవెట్టి, బూడిద మూట గట్టుకొని ఊరికి వాయె. మా ఆయన అదంత చూసిండు. నన్ను గిట్ల చేయకే, ఎట్లనన్న ఇంటికి తీస్కపో అన్నడు. తీస్కపోత అన్న."

"పాడుమాటలు మాట్లాడకు."

"నేనొస్తుంటె ఆ మిషన్ మీద బట్టెందుకు కప్పినవయ్యా?"

"అదా... రిబ్బన్ మీద దుమ్ము పడుతదని."

"బట్ట అంచుకు కనవడుతున్న ఆ కాయితం మీద పదిహేడు ఉన్నది. నాకు అక్షరాలు రావు గని, ఆ అంకె మా ఆయన మంచానికి నెలసంది ఏలాడుతున్నది. గుర్తువడుత. చదువు."

"వద్దు చంద్రమ్మా."

"నా మొగని కాయితం నాకు చదివితె నీ నౌకరి పోతదా? చదువు!"

"పదకొండేండ్లసంది ఈ కుర్సీల కూసుంటున్న. ఎవ్వలూ నన్ను గిట్ల నిలదియ్యలే... సరే, విను. 'సాయిలు, గోపన్‌పల్లి, ముప్పై నాలుగేండ్లు, బండలు కొట్టే పని. ఊపిరితిత్తులల్ల రాతిదుమ్ము పేరుకపోయింది. మందు పని చేయలేదు. చని...'"

"ఆగినవేంది?"

"'చనిపోయినాడు. టైము...' టైము కాడ ఖాళీ."

"ఇది ఎప్పుడు కొట్టినవయ్యా?"

"నన్ను తిట్టు, ఏడువు, ఏమన్న చెయ్యి. ప్రతి బేస్తారం, సెలవు ముందు దినం, ఇదే రివాజు. ఎల్లుండి దాక బతకరనుకున్నోళ్ల సంగతి డాక్టర్ సాబ్ పొద్దుగాల ఎనిమిదింటికే మంచాలు చూసొచ్చి ముందుగాలనే చెప్తడు, నేను కొడుత, సంతకం వెట్టి పోతడు. పాణం పోయినంక టైము ఒక్కటి నింపుత. మనిషి ఇంక ఊపిరి తీస్తనే ఉంటడు, నేనేమో... థూ, నా బతుకు!"

"డాక్టర్ సాబ్ మాట ఎన్నడన్న తప్పిపోయిందా?"

"ఒక్కసారి. మూసాపేట కిష్టమ్మని, ముసలామె. శనారం పొద్దుగాల లేచి కూసోని చాయ్ అడిగింది. ఆమె కాయితం ఈ చేతులతోని చింపిన. పదకొండేండ్లల్ల అదొక్కటే చింపిన."

"నీ సొరుగుల ఇంకో కాయితం ఉన్నదంట గద? డాక్టర్ సాబ్ ఉత్త సంతకం వెట్టింది. ఆయా సీతాబాయి చెప్పింది."

"ఆ సీతాబాయి నోరు... అది అర్జంటుకు. పట్టువడితె నా నౌకరి వోతది, తెల్సా?"

"తెల్సు."

"తెలిసే అడుగుతున్నవా?"

"తెలిసే అడుగుతున్న."

"రైల్ల కూసుంటడా?"

"మా బావ నర్సింహ పట్టుకొని కూసుంటడు."

"దగ్గు మొదలైతే గార్డు నడుమల్నే దించేస్తడు."

"దగ్గు లేదయ్యా. పొద్దుగాలసంది ఒక్కసారి గూడ దగ్గలే."

"ఒక్కసారి గూడ? నిజంగనా?"

"నిజంగనే."

"ఆయాసం?"

"అదీ లేదు."

"నర్సమ్మ చూసిందా?"

"నిద్రవోతున్నడని చెప్పిన. సప్పుడు చేయకుంట వాయె."

"ఓరి దేవుడా! నెల దినాలసంది ఆ దగ్గు ఈ దఫ్తరు దాక ఇనవడుతున్నది. ఇయ్యాల ఏదో తక్కువున్నదేందని నేనే అనుకుంటున్న. అది ఆగి, నిద్ర గూడ పట్టిందంటె... చంద్రమ్మా, మంచి గుర్తే ఇది! కిష్టమ్మకు గూడ గిట్లనే ముందు నిద్ర పట్టింది. ఆగు, కార్బన్ ఏది... ఇగో. సాయిలు... పదిహేడు... 'ఇంటికి పోవచ్చు.' అయింది. పోతే పోనీ నౌకరి! పైది గేటుకాడ ఇయ్యి, నకలు నీ కాడ ఉంచుకో. దారిల రెండు గుక్కలు గంజి తాపు."

"నీ పేరు చెప్పుకొని బతుకుతమయ్యా."

"ఇగ ఈ పాడు కాయితం నాకెందుకు? నీ ముందటనే చింపుత చూడు. పదకొండేండ్లల్ల రెండోది ఇది, రెండో..."

"చింపకయ్యా."

"ఏం?"

"రైలు కదిలినంక దాంట్ల టైము రాసుకో. ఇయ్యాల పొద్దుగాల తొమ్మిది."