పడవమ్మకి జుట్టు

హలో… ఆ, నేనే. పెట్టెయ్యకు ఫుజియే, రెండు నిమిషాలు.

… లేదు, ఒంట్లో బానే ఉంది. దురద తప్ప.

… దురదే. ఒళ్ళంతా. పడవకి రంగేస్తున్నా… అదే, నీకు చెప్పకుండా కొన్నానే, ఆ పాత ఫైబర్ పడవ. ఉప్పుకాగితంతో రుద్దితే గాజుపొడి లేస్తుంది. కాలర్లోకి, చెవుల్లోకి, ఇంకా చెప్పకూడని చోట్లకి. మూడుసార్లు స్నానం చేశా. ఛీ, ఏం బతుకో.

… నవ్వు, నవ్వు.

… మొదట వేసిన రంగా? దాని సంగతి అడక్కు. ముందు ప్రైమర్ కొట్టాలిట. నాకెవడు చెప్పాడు? నేరుగా నీలం పులిమేశా. రెండో రోజుకి ఉడికిన గుడ్డు మీద పెంకులా ఊడొచ్చింది. మళ్ళీ గీకుడు. అడుగుకి పట్టిన గుల్లలు— చచ్చి, కుళ్ళి… మధ్యాహ్నం ఓనిగిరి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదీ అదే కంపు. ఉమ్మేశా.

… అక్కడితో ఆగానా? ప్రొపెల్లర్ పక్కన జింకు బిళ్ళ ఒకటుంటుంది. ఉప్పునీళ్ళు ప్రొపెల్లర్ జోలికి పోకుండా ముందు దాన్ని తింటాయిట. అందంగా ఉంటుందని దానికీ రంగేశా. రంగేస్తే ఇక అది దేనికీ పనికిరాదుట. రేవులో ముసలాళ్ళు ఒకడి తర్వాత ఒకడొచ్చి చూసి పోయారు. తిట్టినా బావుండేది.

… ముప్పై ఎనిమిదేళ్ళు పోస్టాఫీసులో ముద్రలు కొట్టినవాడికి బ్రష్షెందుకంటావ్. నేనూ అదే అనుకుంటున్నా.

… ఊరికే చెయ్యలేదు. నీతో పని పడింది.

… కాదు, విడాకుల కాగితం గురించి కాదు. అది నీ దగ్గరే ఉండనీ.

… చెప్తాను, ఆగు. ముందు నేను చేసిన పాడుపని వినాలి నువ్వు.

చుక్కాని గది ఉంటుంది కదా… అందులో గోడకి, కింద, అరచేయంత చెక్క బిళ్ళ. బూజు పట్టిపోయింది. కుళ్ళిన ముక్క అనుకుని ఉలితో పెకిలించా. వెనక చిన్న గుంట. అందులో కాగితం బొమ్మలు రెండు, పాచికలు రెండు, ఇంకా… జుట్టు. ఆడమనిషి జుట్టు. వేళ్ళకి చుట్టుకుంది. మొత్తం తీసుకెళ్ళి గీకిన గుల్లల బకెట్లో పారేశా. గుంటలో లప్పం కూరి, పైన తెల్లరంగు కొట్టి, మురిసిపోయా కూడా.

… అవును. ఫునదమ. పడవమ్మ. నీకూ తెలుసా? … టీవీలో చూశావా. బావుంది. ఈ దీవిలో పుట్టినవాణ్ణి, నాకు తెలీదు. మా నాన్న నారింజలు పండించాడు, చేపలు పట్టలేదు. పడవకి అమ్మవారుంటుందని విన్నాగానీ, ఆవిడ ఇలా ఉంటుందని ఎవరు చూపిస్తారు? ఒకసారి మూశాక ఎవరూ తెరిచి చూడకూడదుట.

… ఎవరి జుట్టంటే… హత్సుయో గారిది. పడవ అమ్మినావిడ. వాళ్ళాయన పోయాక అమ్మేసింది. నిన్న పొద్దున నాకోసం ఉడకబెట్టిన చిలగడదుంపలు తెచ్చింది. బకెట్లోకి చూసింది.

… ఆ కంపులో చెయ్యి పెట్టి తీసింది. కుళాయి కింద కడిగింది. "ఎంత నల్లగా ఉండేది" అంది. తువ్వాల్లో చుట్టుకుంది.

… నువ్వనక్కర్లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. దుంపలు అలాగే పక్కన పెట్టేశా.

… కాళ్ళు పట్టుకోకుండా ఉంటానా? మోకాళ్ళ మీద పడి నుదురు కాంక్రీటుకి ఆనించా. లేవమంది. "ఎలాగూ చేతులు మారింది, ఇప్పుడు మీ ఆవిడది పెట్టండి" అంది.

… అదే. అందుకే చేశా. నీ జుట్టు. చిటికెడు.

… వెటకారం కాదు. ఆదివారం మంచిరోజు, పోటూ పెద్దది. పడవలు కట్టే ముసలాయన బొమ్మలు, పాచికలు సిద్ధం చేశాడు. జుట్టొక్కటే లేదు. అది లోపల పెట్టకుండా పడవని నీళ్ళలోకి తొయ్యడానికి ఇక్కడ ఎవడూ చెయ్యి వెయ్యడు.

… ఎవరిదైతేనేం అని ఆ ముసలాయన్ని నేనూ అడిగా. మంగలి షాపులో ఊడ్చింది పనికిరాదా అని. మొహం మీద ఉమ్మేసేలా చూశాడు. "నువ్వు ఒడ్డుకి తిరిగి రావాలని ఎవరు కోరుకుంటారో, వాళ్ళది" అన్నాడు.

…

… తెలుసు. రెండేళ్ళు. నిన్ను ఒక్క మాట అడక్కుండా ఇక్కడికి మకాం మార్చింది నేనే.

… ఊళ్ళోనా? మీ అమ్మకి బాగోలేదని, అందుకే నువ్వు హిరోషిమాలో ఉండిపోయావని చెప్పా.

… ఆవిడ పోయి పదేళ్ళయిందని నాకూ తెలుసు ఫుజియే. ఇంకేం చెప్పను? మా ఆవిడకి నా మొహం చూడబుద్ధి కాదని చెప్పనా?

… ఉన్నావా?

… పంపవా. … సరే. లేదు, కోపం లేదు. కోపానికి నాకేం హక్కుంది.

… ఏంటి? మళ్ళీ చెప్పు.

… పోస్టులో పంపవు. తల మీదే పెట్టుకుని వస్తావా?

… శనివారం మూడింటి ఫెర్రీ. ఆ.

… ముందు హత్సుయో గారింటికి వెళ్తావు. తర్వాతే నా దగ్గరికి. … ఆ. … నేను ఒడ్డుకి తిరిగి రావాలో వద్దో, వచ్చి చూశాక ఆలోచిస్తావు.

… న్యాయమే. నువ్వు తేల్చుకునేదాకా పడవ ఒడ్డు మీదే ఉంటుంది. ఈ ఆదివారం కాకపోతే… హలో?

హలో?