పది చోట్ల మట్టి

మట్టి పరీక్ష చేసే గది. బల్లకు అటు పరీక్షలు చేసే అతను, ఇటు కౌలుకు సాగు చేసే ఆమె. మధ్యలో సంచి.

“పది చోట్ల తీసి కలిపావా అక్కా?”

“పది చోట్లే తమ్ముడూ. జానెడు లోతున.”

“పది చోట్లా ఇలా తెల్లగా చౌడు తేలిందా?”

“తేలింది మరి. నన్నేం చెయ్యమంటావు?”

“పోయినేడు నువ్వు తెచ్చిన మట్టి...”

“పోయినేడు పోయినేడే.”

“మొక్కజొన్న సారమంతా పీల్చేసిన నేల అది. మధ్యమధ్యలో పెసర వేశావు, పచ్చిరొట్టకి జీలుగ వేసి కలియదున్ని బాగుచేశావు. యూరియా సగం చాలని నేనే రాసిచ్చాను. ఏడాది తిరక్కుండా చౌడైపోయిందా?”

“నువ్వు రాసేదేదో రాయి.”

“ఇది మురుగుకాలవ గట్టు మీద తీసిందే. అవునా, కాదా?”

“పరీక్ష మట్టికా, నాకా?”

“అక్కా, ఇటు చూసి చెప్పు.”

“అవును. గట్టుదే. చాలా?”

“ఎందుకక్కా ఈ పని?”

“కాగితం తెమ్మన్నాడు కాబట్టి. మా పొలం ఆసామి. ఇదే ఆసామి దగ్గర మా తోటికోడలు నాలుగేళ్లు చాకిరీ చేసి చవిటి నేలను బాగుచేసింది. బాగుందని కాగితం రాగానే ‘ఇక నేనే సాగు చేసుకుంటా’ అన్నాడు. వండి వార్చాక వచ్చి విస్తరి ముందు కూర్చున్నట్టు!”

“అందుకని నువ్వు పాడు మట్టి తెచ్చావు.”

“పనికిరాదని రాసివ్వు, నా జోలికి రాడు. నీకు పుణ్యముంటుంది. పేడ తట్టలు మోసి మోసి నా నెత్తి బోడైపోయింది తమ్ముడూ. ఆ నేల పోతే నేను బతకలేను.”

“రాయొచ్చు గానీ...”

“గానీ లేదు, గీనీ లేదు. రాయి.”

“పొద్దున మీ ఆసామి ఫోన్ చేశాడక్కా.”

“ఆఁ? ఏమన్నాడు?”

“నేల పాడైందని తేలితే, పాడు చేసిన మనిషికి మళ్లీ కౌలుకివ్వడట.”

“బాగుందని తేలితే?”

“తనే చేసుకుంటాడట.”

“అంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి.”

“నా చేతిలో ఏముందక్కా? ఏది రాయమంటావో చెప్పు.”

“ఆ సంచి ఇలా తే. పారబోసి వస్తా.”

“మరి పరీక్షకి?”

“బయట సైకిల్‌కి ఇంకో సంచి తగిలించాను. అసలు మట్టి. నిజంగానే పది చోట్ల తీశాను, పారెయ్యబుద్ధి కాలేదు.”

“అది బాగుంటుందక్కా. బాగుందని రాస్తే పొలం పోతుంది.”

“ఎలా రాసినా పోయేదే కదా. పోనీ. నా నేల పాడైందని మాత్రం రాయనివ్వను.”