సాంబయ్య ఏరి తెచ్చిన మెమరీ కార్డు

సాంబయ్య కేసముద్రంలో కిషన్ రావు సేటు దగ్గర పత్తి చూసే మనిషి. గుప్పెడు పత్తి తీసి వేళ్ల మధ్య లాగి, పింజె పొడుగెంతో అక్కడికక్కడే చెప్పేస్తాడు. సేటు పనిమీద హనుమకొండ వచ్చినప్పుడల్లా సుబేదారిలో మొగిలమ్మ చాయ్ దుకాణంలో కూర్చుంటాడు. ఆరోజూ కూర్చున్నాడు, గ్లాసు అందుకున్నాడు, మొదలుపెట్టాడు.

"నేను పెద్దగ చేసిందేం లేదు. ఒక్క కార్డు ఏరిన, అంతే. మా సేటు కంప్యూటర్ కొన్నడు గదా, పైన టీవీ లెక్క ఉంటది, కింద ఇనుప డబ్బా. పోయిన పత్తి సీజన్ల ఏమైందంటే, యార్డు నిండ బండ్లు, నెత్తిమీద మబ్బు. ఎవల బండి ముందుగాల దించాలె, ఎవలది ఎనుక, ఆ లిస్టు మిషన్ తియ్యాలె. అది సగం తీసి, మెమరీ చాలదని ఆగిపోతాంది. వాన పడితె పత్తి బండ్ల మీదనే నానుతది. రైతులు మొత్తుకుంటాన్రు. సేటు నన్ను పిలిచి, 'సాంబయ్యా, మెమరీ పెంచే కార్డట, మిషన్ చేసిన కంపెనోడు ఆర్నెల్లు ఆగుమంటాండు. సికింద్రాబాద్‌ల వేరే కంపెనీలయి దొరుకుతయట గని అండ్ల సగం బోగస్. నీ చెయ్యి పత్తిల తప్పలే, గిండ్ల గూడ తప్పది' అన్నడు."

"కార్డంటే ఏంది, పెండ్లి కార్డా?" అంది మొగిలమ్మ.

"కాదు వదినె. జానెడు పచ్చరేకు, దాని మీద నల్లటి చిప్పులు, జెర్రులకున్నట్టు కాళ్లు. సికింద్రాబాద్ పోతె, దుకాణపాయన మూడు నా ముంగట వెట్టిండు. ఒకటి మద్రాసుది, ఒకటి బొంబాయిది, ఒకటి ఫారిన్‌దట. ఫారిన్‌ది మస్తు మెరుస్తాంది. దాని మీద చేసినోని పేరున్నదా? లేదు. బుక్కున్నదా? లేదు. ఖరాబైతె ఎవలను అడగాలె? ఆ అడ్రసు గూడ లేదు. పక్కకు నూకిన. బొంబాయిదాన్ని చెవికాడ ఊపిన, లోపట ఒక చిప్పు కటకటమన్నది. మద్రాసుదాన్ని కండ్లు మూసుకోని ఒక్కొక్క అతుకు తడిమిన. వెయ్యి అతుకులు! ఒక్కటన్న కచ్చా లేదు."

"సరే, గింతదాంక నమ్మొచ్చు," అన్నాడు ఆటో నడిపే పోశయ్య.

"జర ఆగు, ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? దుకాణపాయన లోపలికి ఉరికి నలభై కార్డులు గంపల పోసుకొచ్చిండు, 'అన్నా, గివి గూడ చూసి పెట్టు' అని. కండ్లకు రుమాలు కట్టుకోని ఏరిన. మంచియి ఇటు, తాలు అటు. బజారంత ఆగింది. ముగ్గురు ఇంజనీర్లు నోటుబుక్కులల్ల రాసుకుంటాన్రు. అయినా నా మనసు నిమ్మలం కాలే. మూడో అంతస్తెక్కి మద్రాసుదాన్ని కిందికి ఇసిరిన. పోయి రిక్షా మీద పడ్డది. రిక్షా వంగింది, కార్డు వంగలే!"

"మరి రిక్షా ఆయన?" అన్నాడు పోశయ్య.

"సలాం కొట్టిండు. ఇగ తిరుగు రైల్ల ఆలేరు కాడ కిటికీలకెళ్లి జారిపడ్డది. చైను గుంజిన. దిగి చూస్తే బర్రె దాన్ని తొక్కి నిలవడ్డది. బర్రె కుంటుకుంట పోయింది, కార్డు మీద గీత లేదు!"

"ఎవల బర్రె?"

"నడుమ అడ్డం రాకు పోశయ్యా! మిషన్ల పెట్టినం, మీట నొక్కినం. అబ్బ, ఏం మెమరీ! ఈ ఏటి లిస్టు గుక్క తిప్పుకోకుంట కొట్టింది. మేము చెప్పని నిరుడు లిస్టు గూడ కొట్టింది. ఎవలెవలు పత్తిల నీళ్లు చల్లిన్రో పేర్లతోని కొట్టింది. మా సేటు తాత నైజాం జమాన్ల ఎవలకు మాటిచ్చి తప్పిండో అది మొదలువెట్టంగనే, సేటు ఉరికొచ్చి తెర మీద తువ్వాల కప్పిండు. అంతల కరెంటు పోయింది. మిషన్ ఆగలే! దాని గర్మికి యార్డుల బల్బులన్నీ ఎలిగినయి. ఆ ఎలుగు చూసి మబ్బు జడుసుకోని మానుకోట దిక్కు మర్రింది. ఒక్క బండి తడువలే! రైతులు నన్ను భుజాల మీద ఎత్తుకున్నరు. తెల్లారి ఢిల్లీకెళ్లి ఫోను, రాకెట్ల పెట్టే కార్డులు ఏరాలె, ఇమానం పంపుతమని. సీజన్ ఒడిసినంక చూద్దాం తియ్యున్రి అన్న!"

పొయ్యి మీద పాలు పొంగినా మొగిలమ్మ చూసుకోలేదు.

అంతలో, ఫ్లాపీలు కొనడానికి కేసముద్రం నుంచి వచ్చిన ఒక అమ్మాయి చాయ్ కోసం లోపలికొచ్చింది. పేరు ప్రమీల. కిషన్ రావు దుకాణంలో ఆ కంప్యూటర్ నడిపేది ఆమే. చూడగానే సాంబయ్య మొహం వెలిగిపోయింది.

"గిదో, సాక్ష్యమే నడిచొచ్చింది! చెప్పు బిడ్డా, నేను తెచ్చిన కార్డు పెట్టినంక మన మిషన్ ఎట్ల నడుస్తాంది?"

"ఏడ పెట్టినం కాకా?" అంది ప్రమీల గ్లాసు అందుకుంటూ. "మన డబ్బాల కార్డులు పెట్టే జాగలు మూడే. టీవీకొకటి, ప్రింటరుకొకటి, ఫ్లాపీకొకటి. మూడూ నిండే ఉన్నయి. నువ్వు తెచ్చిన నాడే చెప్పిన గదా. లిస్టును నేనే నాలుగు ముక్కలు చేసి కొట్టిన, వాన రాకముందే బండ్లు దించుకున్నం."

పోశయ్య నవ్వు రోడ్డు దాకా వినబడింది. "మరి ఆ కార్డేది?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"సేటు బల్ల మీద. ఫ్యాను గాలికి కాయితాలు లేవకుంట పెట్టిండు."

సాంబయ్య తొణకలేదు. మిగిలిన చాయ్ తాపీగా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"పెట్టి ఎన్ని నెలలైంది బిడ్డా?"

"ఎనిమిది."

"ఒక్క కాయితమన్న లేచిందా?"

ప్రమీల ఆలోచించింది. "లేవలే కాకా."

"ఇన్నవా పోశయ్యా?" అని సాంబయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "ఫారిన్‌దైతే కాయితాలు మొదటి రోజే ఎగిరిపోతుండె!"